వినిపిస్తే బటన్ నొక్కండి

వారంలో ఐదు రోజులు
స్వాన్సీ ఆసుపత్రిలో, గోడలకు స్పాంజి తాపడం చేసిన
బీరువాలాంటి గదిలో మనుషుల్ని కూర్చోబెట్టి
అద్దానికి ఇవతలి నుంచి నేను చెప్పే మాట ఒకటే:
ఎంత సన్నగా వినిపించినా సరే, బటన్ నొక్కండి.

ఆరో రోజు
పదహారు సీట్ల వ్యానెక్కాను.

గైడు పేరు ఎలినెడ్. అరవై దాటిన మనిషి,
రెండు బూట్లకీ రెండు రంగుల లేసులు.
"నా వెనకే నడవండి" అంది దిగగానే.
"నాకంటే ముందు నడిచినవాళ్ళ కథలు
చెప్పడం నాకిష్టం ఉండదు."
అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు.

నది పేరు మెల్టె. మెరుపని అర్థమట.
నా కళ్ళకి మాత్రం అచ్చం పానకం.
నాచు కుళ్ళిన నేలల మీంచి వస్తుంది, అందుకే ఆ రంగు అంది.
మిరియాలొక్కటే తక్కువ అని
ఎవరితో అనను?

గుహ దగ్గర నది
చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్ళిపోయింది.
రాతిగోడ మీద తెల్లటి చారలు చూపించి
"అదిగో గుర్రం" అంది ఎలినెడ్.
ఆఁ, ఆఁ అన్నారందరూ.
నాకు గుర్రం కనిపించలేదు.
నేనూ ఆఁ అన్నాను.
మా పేషెంట్లూ అంతే. వినపడకపోయినా
నా మొహం చూసి నొక్కేస్తారు,
నన్ను నొప్పించడం ఇష్టంలేక.

"ఇప్పుడు లైట్లు ఆర్పండి. ఒక్క నిమిషం."

కళ్ళు మూసినా తెరిచినా ఒకటే అయిన చీకటి.
ముందు నది.
తర్వాత, నదికి వెనక,
కుడి చెవి వైపు ఎక్కడో
ఒక చుక్క.
చాలాసేపు ఏమీ లేదు.
మళ్ళీ చుక్క.
మూడోదానికి తెలిసింది
కోటు జేబులో నా బొటనవేలు
దేన్నో నొక్కుతోందని.
తొమ్మిదేళ్ళుగా అద్దానికి ఇవతలే ఉన్నాను.
నన్నెవరూ లోపల కూర్చోబెట్టలేదు.

భోజనాల దగ్గర నా పక్క బండ మీద హేవర్డ్ గారు.
రెండు చెవులకీ మిషన్లు. ఎడమది
సన్నగా ఈల వేస్తోంది, ఆయనకి తప్ప అందరికీ వినపడేలా.
"వాన పడుతుందంటారా?" అన్నాను.
"గుడ్డు, కొంచెం ఆవపిండి" అన్నాడు శాండ్‌విచ్ చూపించి.
శనివారం కదా,
నేనేం సరిదిద్దలేదు.

ఒక జలపాతం పేరు ఉన్ని ఉతికేవాడట.
బండ ఉంది, ఒరిపిడికి నున్నబడి.
నీళ్ళున్నాయి.
మూటే లేదు.

చివరిది మంచు జలపాతం. దాని వెనక నుంచి దారి.
ఇదివరకు గొర్రెల్ని అటే తోలుకెళ్ళేవారట.
ఇప్పుడు మేము, ఒకరి వెనక ఒకరం,
తలలు వంచుకుని, అదే పద్ధతిలో.
ఇన్ని డెసిబెల్స్ ఉంటుందని లెక్కకట్టబోయి మానేశాను.
ఎలినెడ్ నోరు కదులుతోంది.
పదహారు మందిమీ
ఒకే మోతాదులో చెవిటివాళ్ళం.

హేవర్డ్ గారు మిషన్లు రెండూ తీసి
మాత్రల డబ్బాలో పెట్టుకున్నాడు.
అరచెయ్యి రాతికి ఆనించాడు, గోడ వెనక
ఎవరో నిద్రపోతున్నట్టు, వాళ్ళని లేపకుండా.
నేనూ ఆనించాను.
మోచేతి దాకా వచ్చింది చప్పుడు,
భుజం దాకా, పంటి చిగుళ్ళ దాకా.
ఆయన నావైపు తిరిగి ఏదో అన్నాడు.
గంభీరంగా తలూపాను.
మళ్ళీ అన్నాడు. మళ్ళీ ఊపాను.
మూడోసారి నా మొహంలోకి అదోలా చూశాడు.
ఆ తలూపు ఆయనకి బాగా తెలిసిన తలూపే.

తిరుగు వ్యానులో అందరూ నిద్ర. ఎడమ మిషన్ చచ్చిపోయింది.
నా పర్సులో ఎప్పుడూ ఉండే
నారింజ రంగు స్టిక్కరు బ్యాటరీ తీసిచ్చాను.
"మీ దగ్గరెందుకున్నాయివి?" అన్నాడు.
చెప్పాను.
"సెలవు రోజు కూడా వెంటపడతారా" అని
కిటికీ అదిరేలా నవ్వాడు.

ఈల ఆగింది.
అప్పుడడిగాను:
అక్కడ, నీళ్ళ వెనక, ఏమన్నారు?

"నా కాలు తొక్కుతున్నారన్నాను" అన్నాడు.
"మూడుసార్లు."