పద్దులో లేనివాళ్లు

మద్దిపాడు దాటి గుండ్లకమ్మ వైపు మళ్లితే
నల్లరేగడి మొదలు.
పుష్యమాసం మంచు ఇంకా ఆరలేదు,
శెనగాకు పులుపుకి పిక్కలు చురచురమంటున్నాయి.
నా సంచిలో షాపు ఖాతా పుస్తకం.
అందులో నలభై రెండో పేజీ యలమందమ్మది:
పోయినేటి పురుగుమందు పద్దెనిమిది వేల ఆరొందలు,
వడ్డీ వేరే రంగు సిరాతో.

బాకీ అడగడానికి మాకొక పద్ధతుంది.
ముందు పైరు సంగతి, తర్వాత వానల సంగతి,
మనిషి మెత్తబడ్డాక పుస్తకం.
"శెనగ ఎట్టా ఉందమ్మా" అన్నా.
"నువ్వే జూడు" అంది,
నెర్రెకు అటో కాలు ఇటో కాలు వేసి.

కౌలు చేను రెండు చెక్కలు.
ఉత్తరం చెక్కలో ఎప్పటి గింజే.
దక్షిణం చెక్క గింజను మాత్రం
చల్లారిన బెల్లం నీళ్లతో తడిపి
బొగ్గులాంటి నల్లపొడి పట్టించి
నీడలో గోనెపట్టా మీద ఆరబెట్టిందంట.
"ప్యాకెట్టు ధర చెబితే నీ షాపు మూసుకుంటావు" అని నవ్వింది.
పొడిలో ప్రాణముందని ఎవరో చెబితే నమ్మలేదంట.
చెవి పెట్టి చూసిందంట,
ఈనిన దూడ గుండె విన్నట్టు.

ఒక మొక్క పీకింది.
వేరు నిండా బుడిపెలు, మిరియాలంత.
ఒకదాన్ని గోటితో చిదిమింది.
లోపల ఎరుపు, పళ్లు రాని పసిదాని చిగురు రంగు.
"నెత్తురే" అంది.
నేను చంపేవాటి పేర్లు కంఠతా వచ్చినవాణ్ణి.
బతికించేదాని రంగు చూడడం అదే మొదలు.

పచ్చపురుగు రెండు చెక్కల్లోనూ ఉంది, అబద్ధమెందుకు.
ఉత్తరాన కాయలో తల దూర్చి
పెళ్లి బంతిలో కూర్చున్నట్టు తింటోంది.
దక్షిణాన కొరికింది, ఆగింది,
ఇంకో ఆకు కొరికింది, ఆగింది.
"ఉప్పెక్కువైన కూర ముందు మా ఆయన మొహం గాదూ?"
ఈపాటికి బొటనవేలంత కావాల్సింది
ఇంకా చిటికెన గోరంతే ఉంది.

వేరు దగ్గర కూర్చున్నవాళ్లకి
కొమ్మ మీద దొంగ పడ్డ సంగతి ఎవరు చెప్పారు?
ఎవరూ చెప్పక్కర్లేదంట.
వాళ్లు ముందే వేరును గిల్లి పెడతారంట,
రాత్రి నీటి వంతుకు పోయేవాణ్ణి
పక్కింటోడు తట్టి పోయినట్టు.
అప్పట్నుంచి చెట్టు ఒక కన్ను తెరిచే నిద్రపోతుంది.
పంటిగాటు పడగానే ఆకు చేదెక్కుతుంది,
గాలికి ఒక వాసన కట్టి పంపుతుంది.
అదిగో, ఆ వాసన పట్టుకొని
దారప్పోగంత నడుమున్న కందిరీగ దిగింది.
పురుగు వీపున సూది దించి
లోపల గుడ్డు దాచి లేచిపోయింది.
నేనమ్మిన మందు కొడితే
ముందు రాలేది ఆ రీగే. డబ్బా మీద అది ఉండదు.

ఇక్కడితో ఆపితే కంపెనీ కరపత్రం అవుతుంది.
గట్టున అలసంద వేసింది, అదే పొడి పట్టించి.
తీగ లేతగా, నీరుబట్టి, నిగనిగలాడింది.
ఆ తియ్యటి రసానికి పేనుబంక
మసి పూసినట్టు కమ్ముకుంది.
"అన్నం పెట్టినోళ్లే దొంగకి దారి చూపారు" అని
గుప్పెడు పొయ్యి బూడిద చల్లింది.
కోపం లేదు.
"వాళ్లకేం దెలుసు నా లాభం నష్టం?
చెట్టు చక్కెర పెడతంది,
వాళ్ల పని వాళ్లు జేసుకుంటన్నారు."

పుస్తకం నేనే తెరవలేదు, ఆమే అడిగింది.
కొంగుముడి విప్పి తొమ్మిదొందలు లెక్కపెట్టి
అంకె సరిచూస్తూ పేజీ మీద బొటనవేలు ఆన్చింది.

ఒంగోలు బస్సులో మళ్లీ తీశాను.
జమ పక్కన రేగడి మరక, తడి ఆరుతోంది.
దులపబోయి ఆగాను.
ఆ కాస్త మట్టిలో
ఒంగోలంత ఊరు కాపురముంటుందంట,
ఒక్కడి పేరూ నాకు తెలియదు.
కండక్టర్ చిల్లర అడిగేదాకా
పుస్తకం మూయలేదు,
వాళ్లకి గాలాడదేమోనని.