పది కిలోల లోపు

మండపేట దాటాక కాలవ వంపులో
ఊకతో కరెంటు తీసే ఫ్యాక్టరీ.
గేటు పక్కన కాటా గదిలో చీటీలు రాస్తాను.
నిండు లారీ బరువులోంచి వట్టి లారీ బరువు తీసేస్తే
మిగిలేది ఊక.
ఒకప్పుడు దాన్నెవరూ తూచలేదు.
మిల్లు వెనక గుట్టలు పోసి
ఎత్తుకుపొండి బాబూ అని బతిమాలేవారు.

ఎత్తుకుపోయినవాళ్ళలో నూకరత్నం ఒకతె.
రేకుపొయ్యి నడుమ రోకలి నిలబెట్టి
చుట్టూ ఊక దట్టించి
రోకలిని మెల్లగా పైకి లాగితే
నిలువునా ఒక గొట్టం.
అడుగున పుల్ల అంటిస్తే
ఆఖరి పెసరట్టు దాకా
గుయ్యిమని మండేది.

ఇప్పుడు ఊక టన్నుల్లెక్క.
ఆవిడ గ్యాసు కొంది, అట్టుకి రెండు రూపాయలు పెంచింది.
పొయ్యి గోడవార బోర్లించుంది.
"నా ఊకంతా మీ పొగగొట్టం మింగేసింది" అంటుంది
మా కరెంటు బల్బు కిందే నిలబడి
అరువు పద్దు నాచేత రాయిస్తూ.

దాళ్వా కోతలప్పుడు చేరాడు పండురెడ్డి.
ఇంటిపేరు పల్లాల,
ఊరేమో మారేడుమిల్లి అవతల కొండమీద.
బాయిలర్ నోట్లో ఊక పడేచోట రాత్రి కాపలా.
తెల్లారేసరికి కనురెప్పల మీద బూడిద.
వాళ్ళ గూడేనికి స్తంభాలు పాతారట, తీగ రాలేదట.
ఫిర్యాదులా చెప్పలేదు,
బస్సు లేటయిందన్నట్టు చెప్పాడు.
వానాకాలం తడిపుల్లలు ఊది ఊది
వాళ్ళమ్మ కళ్ళు చింతనిప్పులవుతాయని మాత్రం
అట్టు తుంచుతూ, ఆగి, చెప్పాడు.

నూకరత్నం ఏమీ అనలేదు.
మర్నాడు పొయ్యి తోమి తెచ్చింది.
"కొండమీద ఊకెక్కడిదమ్మా?" అన్నాను.
"పోడు ధాన్యం దంచరా? పొట్టుండదా?
చింతపిక్కలకి తొక్కుండదా?
పెద్ద చెప్పొచ్చావు!"

వెళ్ళేరోజు సరదాకి పొయ్యిని కాటా మీద పెట్టాం.
సున్నా చూపించింది.
పది కిలోల లోపు ఏదీ
మా కాటా కంటికి ఆనదు.
అయినా చీటీ రాశాను.
బండి నంబరు: లేదు.
సరుకు: పొయ్యి, ఒకటి.
బరువు దగ్గర పెన్ను ఆగింది, అలాగే చింపిచ్చేశాను.

వారం దాకా కబురు లేదు.
సిగ్నల్‌కి గుట్టెక్కాలి వాళ్ళు.
ఎనిమిదో రోజు నా ఫోన్‌కి చేసి ఆవిడకిమ్మన్నాడు.
మొదటిరోజు పొగ. రెండోరోజూ పొగే.
అమ్మ పొయ్యిని కాలితో తన్నింది.
పొట్టు ఎండబెట్టి మళ్ళీ దట్టిస్తే
నిన్న సాయంత్రం అంటుకుందట.
ఆ చప్పుడు రికార్డు చేసుకుని
గుట్టమీద నించుని వినిపించాడు.

గాలో మంటో నాకు తెలియలేదు.
నూకరత్నం చెవికి ఆనించుకుని
కళ్ళు మూసుకుని చాలాసేపు విని
"ఒకపక్క ఎక్కువ మండుతోంది" అంది.
"రోకలి ఇంకాస్త నిదానంగా లాగమను."