ప్రూఫులు దిద్దేవాడి సిఫార్సు

కెప్టెన్ రంగనాయకులు గారి ఆత్మకథ
నా బల్ల మీద ఉంది, మూడో ప్రూఫు.
ఏలూరు రోడ్డులో మేడ మీద గది,
కింద జిరాక్సు మిషను గురక.
నూట డెబ్భై రెండు పేజీలు, ముప్ఫై ఒక్క గోలు,
శాలువాల ఫొటోలు వేరే.
వత్తులు పెడుతున్నాను, దీర్ఘాలు తీస్తున్నాను.
"విజయం" అన్నచోటల్లా టైపు చేసిన పిల్ల
సున్నా మింగేసింది,
అది కాస్తా పాల డెయిరీ అయి కూర్చుంది.

ఆయన రాయకూడదని కాదు.
రాసుకోనీ. డబ్బు ఆయనది, కాగితం ఆయనది.
కానీ మా లోకోషెడ్ క్లబ్బులో
రాయాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

పిచ్చేశ్వరరావు రాయాలి.
తొమ్మిదేళ్లు బెంచీ మీద కూర్చున్నాడు
(బెంచీ కూడా కాదు, పాత స్లీపరు చెక్క),
తొమ్మిదేళ్లూ బూట్ల తాళ్లు బిగించుకునే కూర్చున్నాడు.
ఆటంతా వాడికే తెలుసు:
ఎవడు ఆయాసాన్ని దగ్గు కింద దాచాడో,
ఎవడు హాఫ్‌టైంలో రెండో నిమ్మచెక్క నొక్కేశాడో.
జీవితం మొత్తం మీద ఆడింది పందొమ్మిది నిమిషాలు.
అడిగితే
ఇప్పటికీ ఒక్కో నిమిషం విడదీసి చెప్తాడు,
టీ చల్లారిపోతుంది.

ఏసోబు రాయాలి.
రైట్ బ్యాక్. ఆట అయ్యాక
అదే బంతిని చంకన పెట్టుకుని ఇంటికి పోయి
లాంతరు ముందు కుట్లు వేసేవాడు.
మేం తన్నడమే ఎరుగుదుం,
అది ఎక్కడ చిట్లిందో వాడి వేళ్లు ఎరుగుదురు.
పేజీ నలభైలో టీము ఫొటో ఉంది.
కింద "మా పదకొండుగురు" అని ఉంది.
లెక్కపెట్టాను, పది మంది.
బంతి ఉంది, ముందు వరసలో, మధ్యలో.
ఏసోబును సోడాలు తెమ్మని పంపారు ఎవరో.
ఎవరో ఏమిటి, రంగనాయకులు గారే.
మార్జిన్‌లో ప్రశ్నగుర్తు పెట్టాను, రెండు ప్రూఫుల్లోనూ.
రెండుసార్లూ చెరిపేసి పంపారు.

ఇస్సాకు రాయలేడు, పోయాడు.
వాడి తమ్ముడి దగ్గర ఒక డైరీ ఉంది.
అందులో ఆటలు లేవు. డ్యూటీ గంటలు, ఓవర్‌టైం,
కిరసనాయిలు అప్పు.
ఒక్కచోట మాత్రం:
"ఈ రోజు ఎడమ కాలు బాగుంది."
అదొక్కటి అచ్చువేసినా చాలు.

ఇక నూట పన్నెండో పేజీ.
"గుంటూరు జట్టుపై, చివరి నిమిషంలో,
నా కుడికాలు చరిత్ర రాసింది."
చరిత్రకు క్రారవడి ఎగిరిపోయింది, పెట్టాను.
ఆ రోజు నేను ఆడలేదు. జ్వరం.
లైన్స్‌మన్ రాలేదని
రైల్వే మైదానంలో జెండా నా చేతికిచ్చారు.
రంగనాయకులు రెండడుగులు ముందున్నాడు.
రెండు. మే నెల ఎండ,
నీడ కూడా అబద్ధం చెప్పడానికి చోటు లేదు.
జెండా ఎంత బరువని? గుప్పెడు గుడ్డ, వెదురు పుల్ల.
లేవలేదు.

వాళ్ల గోలీ నాగుల్‌మీరా
బంతిని వలలోనే వదిలేసి
నా మీదికి పరిగెత్తుకొచ్చాడు.
కొడతాడనుకున్నాను.
"చూశావుగా అన్నా" అన్నాడు.
అంతే. వెనక్కి వెళ్లి గ్లవుజులు విప్పుకున్నాడు.

మిర్చి యార్డులో కాటా దగ్గర ఉంటున్నాడట ఇప్పుడు.
ముల్లు ఊగడం ఆగేదాకా చీటీ రాయడట,
వెనక ఎన్ని బళ్లు హారన్ కొట్టనీ.

మా క్లబ్బు కాదు, అయినా అతను రాయాలి.
ముప్ఫై పేజీలైనా సరే.
ఆ ప్రూఫు నా దగ్గరకే రావాలి.
నా పేరు వచ్చినచోట
ఒక్క అచ్చుతప్పు ఉండనివ్వను.

ఎర్ర పెన్ను మూత తీసే ఉంది.
మెట్ల కింద నుంచి కుర్రాడు అరిచాడు:
"మాస్టారూ, ప్లేట్లకు పంపాలి, అయిందా?"

రేపు రా, అన్నాను.
రేపు ఆదివారం.