చెప్పు కరిచిన చోట

పూర్ణామార్కెట్లో చెప్పులు కొంటే
కొట్టు ముందే నాలుగడుగులు వేసి చూడనిస్తాడు.
ఆట అలా కాదు.
మూడు ఆదివారాలు నడిచాక గానీ
ఎక్కడ కరుస్తుందో తెలీదు.

మొదటిది మధురవాడలో, వినీల్ వాళ్ళ ఫ్లాట్లో.
రూల్సు పుస్తకం మా ఆఫీసు రిజిస్టరంత లావు.
తలుపు తియ్యడానికో పాచిక,
తలుపు వెనక ఎవరున్నారో వినడానికో పాచిక,
గుర్రం ఎక్కడానికి రెండు.
ఆరు రోజులూ పోర్టులో కంటైనర్లు లెక్కపెట్టి వచ్చినదాన్ని,
ఏడో రోజు కూడా
బాణాలెన్ని మిగిలాయో, మూటెంత బరువుందో రాసుకోమంటే
జీతం ఎవరిస్తారు బాబూ అనడిగాను.
ఎవరూ నవ్వలేదు.

రెండోది సిరిపురం దగ్గర, ఒక కాఫీ షాపు మేడ మీద.
ఇక్కడ రూల్సే లేవట.
"నీకేమనిపిస్తే అదే" అంది హెప్సిబా, ప్రేమగానే.
కొవ్వొత్తి వెలిగించి ఒక్కొక్కరూ
తమ పాత్ర బాధ చెప్పుకుని ఏడ్చారు.
నా వంతు వచ్చింది.
నాకేమీ అనిపించలేదు.

గాజువాక పిల్లలు మంచోళ్ళు, ఉప్మా కూడా పెట్టారు.
కానీ ప్రతి గుహలోనూ కత్తే.
ఒకసారి మాట్లాడి చూద్దాం అన్నానా,
"అక్కా, ఆ రాక్షసుడికి తెలుగు రాదు"
అన్నాడొక గుంటడు.

నాక్కావాల్సిందేటో నాకే సరిగా తెలీదు, అదీ చిక్కు.
కొంచెం భయం ఉండాలి,
జాలరిపేట ఒడ్డున తాత వల లాగుతుంటే
ఆ బరువు చేపదో చెత్తదో తెలియనంత.
కొంచెం లెక్క ఉండాలి, వేళ్ళకి సరిపోయేంత.
ఓడిపోయినా ఇంటికెళ్ళి చెల్లితో చెప్పుకునేలా ఉండాలి.
ఇవన్నీ ఒకే పెట్టెలో పెట్టి ఎవరమ్ముతారు?

మొన్న జూన్లో ఒక్కసారి దొరికింది.
మర్రిపాలెంలో, గౌరునాయుడు గారింట్లో.
రిటైరైన గూడ్సు గార్డు, ఆయనే ఆడించేది.
గాలివానకి కరెంటు పోయింది.
చీకట్లోంచి ఆయన గొంతు:
"బండి ఆగింది. సిగ్నలు ఎర్రగా ఉంది.
పట్టాల మీద ఎవరో కూర్చుని ఉన్నారు."
పాచిక దొర్లి మంచం కిందికి పోయింది.
సెల్లు టార్చి ఎవరూ వెయ్యలేదు.
"దిగుతాను" అన్నాను.
పట్టాల మీది ఆవిడతో
వాన తగ్గేదాకా మాట్లాడాను.
ఏం మాట్లాడావని హిమజ ఇప్పటికీ అడుగుతుంది.
గుర్తు లేదంటే నమ్మదు.

మరుసటి ఆదివారం
అదే ఇల్లు, అదే నలుగురం, అవే జీళ్ళు.
కరెంటు ఉంది.
మంచం కింద పాచిక దొరికితే బూజు తుడిచి వేశాం.
పధ్నాలుగు పడింది.
పధ్నాలుగంటే ఏటని
పుస్తకంలో వెతికాం, చాలాసేపు.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ చూసుకున్నాను,
మడమ మీద సన్నటి ఎర్ర గీత.
అక్కయ్యపాలెంలో ఎవరో
దెయ్యాల బడి ఆట మొదలెడుతున్నారట.
నలుగురున్నారట,
ఐదో మనిషి కావాలట.