నికరం

అరవై టన్నుల కాటా నాది.
గుణుపురం దాటి వంశధార వైపు తిరిగే మలుపులో
కాగితం మిల్లు రెండో గేటు.
వెదురు లారీ ఎక్కుతుంది,
ఎర్ర అంకెలు కాసేపు తడబడి ఆగుతాయి.
లోడు బరువు. దించాక ఖాళీ బరువు.
తీసేస్తే మిగిలింది నికరం.
ఇరవై తొమ్మిదేళ్ళు ఈ ఒక్క తీసివేతతో
ఇద్దరు పిల్లల్ని బరంపురంలో చదివించాను.

పాతికేళ్ళ సర్వీసుకి
గోడగడియారం ఇస్తారనుకుంటే పన్నెండు షేర్లిచ్చారు.
అప్పట్నించీ ఏటా కొరియర్లో ఒక పుస్తకం,
నా పేరు ముందు "గౌరవనీయ వాటాదారు" అని.
ఈసారిది ఆరు వందల గ్రాములు.
నా కాటాకి ఆనదు,
తవిటినాయుడి కాంటీన్లో ఉల్లిపాయల తక్కెట్లో తూచాం.

శతదళ సమూహం. మేడ సింగపూర్లో.
ఓడలు, సిమెంటు, హోటళ్ళు, బీమా, సెల్‌ టవర్లు,
పసిపిల్లల పాలపొడి.
లాభం పద్దెనిమిది శాతం పెరిగింది,
అప్పు తగ్గింది,
వియత్నాంలో పాలు బాగా పొంగాయి.
ఛైర్మన్‌ గారు నవ్వుతున్నారు, వెనకాల సముద్రం.
ఆయన మీద నాకు కోపం లేదు,
కూడికలు తప్పని మనిషి.

మేం నూట నలభై ఏడో పేజీలో ఉన్నాం,
అడుగున, చీమంత అక్షరాల్లో:
"ఒడిశా కాగితం యూనిట్, అమ్మకానికి ఉంచిన ఆస్తి."
పక్కన ఒక అంకె,
దానికి అటూ ఇటూ వెదురుబద్దలు వంచినట్టు రెండు గీతలు.
అకౌంట్స్‌ ఖిరోద్‌ మహంకుడొ చెప్పాడు:
"అట్లా దడి కట్టారంటే నష్టం అని.
మంద మీద పడకుండా."

ఎండుకొమ్మ కొడితేనే చెట్టు ఎదుగుతుందని రాశారు ఛైర్మన్‌ గారు.
అది చదివి వినిపిస్తే
కొండ మీంచి లోడు తెచ్చిన డంబురు రయిత
బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు.
"వెదురుకి కొమ్మేటి బాబూ?
మొదలంటా కొడతాం. పక్కన పిలక లేస్తాది.
ఏ పక్కో కొట్టినోడికి తెల్దు."

తవిటినాయుడు ఒక పేజీ చించి పకోడీలు పోశాడు.
నూనె ఇంకలేదు, పైపైన జారిపోయింది.
పిల్లల నోటు పుస్తకాల కాగితం మాది,
నూనెని తాగుతుంది, చెమటని తాగుతుంది.
ఇది మాది కాదు.
మా సంగతి వేరే ఎవరి కాగితం మీదో అచ్చయింది.

షేరుకి నాలుగు రూపాయల ముప్పావలా.
నా ఖాతాలో యాభై ఏడు రూపాయలు పడ్డాయి.
"మిల్లు పోతే వచ్చే ఏడు అరవై దాటుతుంది నీకు,"
ఖిరోద్‌ ఎగతాళిగా అనలేదు.
నిజమే మరి.
అమ్మేవాళ్ళలో నేను పన్నెండు షేర్లంత,
అమ్ముడయ్యేవాళ్ళలో నిలువెత్తు.

తూకానికి ముందు డ్రైవరూ క్లీనరూ దిగాలి, అది రూలు.
మనిషి బరువు సరుకులో కలవకూడదు.
ఎండయినా వానయినా గట్టిగా అరిచి దింపాను అందర్నీ,
కడుపుతో ఉన్న భార్యని ఆసుపత్రికి తీసుకెళుతున్నవాణ్ణి కూడా,
ఆమెతో సహా.
ఆ పుస్తకంలో మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా వెతికాను,
దిగినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారో.

నిన్న రాత్రి ఆఖరి లారీ పోయాక
చెప్పులు విడిచి కాటా మధ్యకి నడిచాను.
ఇనుము ఇంకా వెచ్చగా ఉంది.
కిటికీలోంచి అంకె కనబడింది: అరవై.
నేను యాభై ఏడే.
పది కేజీలకి తక్కువ లెక్క దానికి తెలీదు,
దగ్గర్లో ఉన్న పదికి నెట్టేస్తుంది.
మూడు కేజీలు కంపెనీ ఖాతాలోంచి నాకు.

లోపలికొచ్చి చీటీ కొట్టబోయాను.
తెర మీద గళ్ళు వెలిగాయి:
లారీ నంబరు?
సరుకు?
ఖాళీ బరువు?

చాలాసేపు కూర్చున్నాను,
మూడోదాని దగ్గర.