నాలుగో అంశం

కాశీనగర్ బ్లాకాఫీసు మీటింగు హాల్లో
నా కుర్చీ గోడవారగా వేస్తారు.
తెలుగు మాటను ఒడియాలోకి,
ఒడియా ఉత్తర్వును తెలుగులోకి మోయడం నా పని.
జీతం మాత్రం ఒక భాషకే.

రోగం పోయాక అన్నీ తిరిగొచ్చాయి.
వంశధార ఒడ్డున సంతపన్ను వచ్చింది,
బడిగంట వచ్చింది,
అప్పులవాడు మాస్కు తీసేసి మరీ వచ్చాడు.
ఇంకా రానిది ఒక్కటే:
రేషను బల్ల మీది వేలిముద్ర మిషను.
కాగితాల్లో దాన్ని "సడలించిన నిబంధన" అంటారు.
ఒడియాలో కోహళ. వినడానికి మెత్తటి మాట,
నానబెట్టిన బియ్యంలా.

మిషను బీరువాలో ఉంది.
ఇన్నేళ్ళుగా దాని మీద వేలు పెట్టింది
దుమ్మొక్కటే.
దాన్ని మళ్ళీ బయటికి తియ్యాలా, అక్కర్లేదా?

గురుగుబెల్లి దాలమ్మ లేచింది.
పద్దెనిమిదేళ్ళు జీడిపిక్కలు ఒలిచిన చేతులు
బల్ల మీద వెల్లకిలా పెట్టింది.
"సూడండి బాబూ, గీతలేటైనా కనిపిస్తన్నాయేటి?
జీడిరసం తాగీసింది.
ఏలు పెడితే ఎర్రలైటు ఎలిగీది.
నువ్వు నువ్వు కాదు, రేపు రా అనీవోరు.
రేపైనా నానే గదా వచ్చీది?
కరోనా వచ్చింది, ఊరంతా ఏడ్చింది.
నాకు మాత్తరం బియ్యం వచ్చినాయి.
ఇలాటి మాట అనకూడదు.
అన్నాను. రాసుకోండి."

రాసుకున్నాను.
చదువు రానివాళ్ళని వేలిముద్రగాళ్ళని నవ్వేవాళ్ళం.
ఈమెకు ఆ చదువు కూడా చెరిగిపోయింది.
దీన్ని ఒడియాలో ఎలా చెప్పాలో తోచక
"లబ్ధిదారుకు సాంకేతిక ఇబ్బంది" అన్నాను.
బీడీఓ గారు తల ఊపారు.
నాకు చెవులు వేడెక్కాయి.

డీలరు దండపాణి సాహు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.
"మిషనెందుకు సార్,
ఏ ఇంట్లో ఎన్ని కంచాలో నాకు కంఠతా వచ్చు.
మొహం చూసి ఇచ్చాను,
రిజిస్టరులో టిక్కు పెట్టాను."

వెనక బెంచీలోంచి ఇసాకు గమాంగో లేచాడు.
కొండ దిగి వచ్చిన కుర్రాడు, ఫోను చేతిలో ఉంది,
ఫోన్లో రిజిస్టరు ఫొటో ఉంది.
"మా అమ్మ రెండో ఊపులో పోయింది,
మామిళ్ళు పండే నెలలో.
ఆ తర్వాత ఆమె పేరు ముందు
పద్నాలుగు టిక్కులున్నాయి.
మొహం చూసి ఇచ్చానంటున్నాడు.
ఎక్కడ చూశాడో చెప్పమనండి,
నేనూ వెళ్ళి చూసొస్తాను."

ఫ్యాను తిరుగుతోంది.
సాహు రిజిస్టరు మూశాడు, మళ్ళీ తెరిచాడు.
కుర్రాడు మాట్లాడింది ఒడియా.
దాలమ్మకు దాన్ని తెలుగులో చెప్పాల్సింది నేను.
చెప్పాను, నెమ్మదిగా,
టిక్కుల లెక్క దగ్గర ఒకసారి ఆగి.

"అయితే మిషను రావాల్సిందే కదా"
అన్నారు బీడీఓ గారు, పెన్ను మూత తీసి.

దాలమ్మ ఇసాకు వైపు చూసింది.
చేతులు కొంగులోకి లాక్కుంది.
"ఆ పిల్లడికి అన్నేయం జరిగింది బాబూ, కాదన్ను.
గానీ దొంగ బల్లకవతలుంటే
తాళం ఇవతల నా నోటికేటి?"

"ఏమంటోంది?"

ఈసారి ఇబ్బంది అనలేదు, సాంకేతికం అనలేదు.
దొంగ అన్నాను. తాళం అన్నాను. నోరు అన్నాను.
నా ఒడియా ఎప్పుడూ అంత చిన్నగా, అంత శుభ్రంగా లేదు.
పెన్ను కాగితానికి కాస్త ఎత్తునే ఆగిపోయింది.

నాలుగో అంశం వచ్చే మీటింగుకు వాయిదా.
ఐదో అంశం, బోరు మరమ్మతులు.

చివర్లో హాజరు పట్టీ తిరిగింది.
దాలమ్మ దగ్గరికి స్టాంపు ప్యాడు తీసుకెళ్ళాను.
బొటనవేలు అద్ది, గట్టిగా నొక్కింది.
నీలం మచ్చ పడింది,
ఒక్క గీతయినా లేదు.
బీడీఓ గారు దాని పక్కనే సంతకం పెట్టారు.
ఎవరూ ఆమెను
రేపు రమ్మనలేదు.