మూడు నెలల లెక్క

పదకొండున్నర అని రాసి
కింద ఎర్రగీత కొట్టారు, డాక్టరమ్మా.
నిన్న రాత్రి నుంచీ మంచినీళ్లు తప్ప
గొంతులో ఏం పొయ్యలేదు నేను.
ఈ పరీక్ష నిన్నటి సంగతి అడగదంట,
మూడు నెలలు వెనక్కి పోయి చూసిద్దంట.
మా కొట్టు గుమాస్తా కూడా ఇంతే,
సీజనంతా నోరెత్తడు,
ఆఖర్న చిట్టా విప్పుతాడు.

అయితే వినండి ఆ మూడు నెలలూ.

మాఘంలో కాయ దిగింది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ షెడ్డులో
తొడిమ తీస్తే కిలోకింతని కూలి.
లేస్తే కిలో పోయిద్ది,
కూర్చుంటే ఒంటేలు ఆగదు.
గేటు బయట దొడ్లోకి పోయొచ్చేలోపు
పక్కామె గంప నిండిద్ది.
అందుకని నీళ్లు మానేశా.
పొద్దుటి మాత్ర కడుపు కదిలించిద్దని
అదీ మానేశా, ఆదివారాలు తప్ప.
పదకొండింటికి మేస్త్రీ టీ పోయిస్తాడు,
గ్లాసు అడుగున చక్కెర గడ్డకట్టి ఉంటది.
ఊరికే పోసేదాన్లో
తీపి తగ్గించమని ఎట్టా అడగను?

సూదిమందు చల్లగా ఉంచమన్నారు.
నేను చేసేదే చల్లటి కొట్టులో పని.
లక్ష టిక్కీల తేజ కాయ
లోపల హాయిగా పడుకుని ఉంటది,
ఏడాదైనా రంగు దిగదు.
నా సీసా ఒక్కటి ఓ మూల పెట్టనివ్వమంటే
సూపర్‌వైజరు నవ్వాడు,
సరుక్కి రసీదు ఉండాలంట.
ఇంట్లో ఇసక తడిపి కుండలో దాచా.
ఏప్రిల్లో కుండే కాలింది.
ఎదురింటి జైబున్ తన ఫ్రిజ్జులో పెట్టమంది, చల్లని తల్లి.
కానీ రోజూ రాత్రి
వాళ్లాయన కంచం ముందు కూర్చున్న వేళకి
తలుపు ఎన్నిసార్లు తట్టను?

ఇంకోటి. తిట్టనంటే చెబుతా.
మా యాకోబుకీ ఉంది షుగరు.
ఆయన ఆస్పత్రి గడప తొక్కడు, మగాడికి రోగమేంటంటాడు.
నా మాత్రలు మాత్రం మింగుతాడు.
మీరిచ్చే నెల
మా ఇంట్లో పదిహేను రోజులే.

కాయితంలో అడగని సంగతి ఒకటుంది.
మొన్న చెప్పులు తెగి
కాయ రాశి మీదే నడిచా.
వెనకొచ్చిన పిల్ల మంట మంటంటా
పంపు కాడికి పరిగెత్తింది.
నాకేం తెలీలా.
గుంటూరు కాయండీ,
గాలి తగిల్తేనే కళ్లు ఏడుస్తయి.
అలవాటైపోయిందిలే అని
లోపల కాస్త గర్వపడ్డా కూడా.
రాత్రి దీపం దగ్గర చూస్తే
బొటనవేలి కింద చిల్లు,
అందులో ఇరుక్కుని ఒక గింజ.
పిన్నీసుతో తీశా.
అప్పుడూ నొప్పి లేదు.
అప్పుడు ఏడిచా.

నెంబరు తర్వాత చూద్దురు,
ముందు ఈ గుడ్డ విప్పి చూడండి.
మూడో గదికి మాత్రం పంపకండి, అక్కడ మళ్లీ లైను.
ఇవాళ్టి కిలోలు
ఎట్టాగూ పోయినయి.